పప్పు ఉడకని నీళ్ళు

నవ్వమన్నాడు, అదీ పళ్ళు కనిపించేలా నవ్వమన్నాడు, కంపెనీ పెట్టిన ఈ పద్మనాభం గారికి ఆమె పళ్ళ మీద ఇంత మోజేమిటో, కన్నతల్లి కూడా హైదరాబాదు చదువుల తర్వాత ఫొటో దిగేటప్పుడు మూతి మూసుకో బిడ్డా అనేది, ఈయన మాత్రం సోమవారం ఫౌండేషన్ వాళ్ళ ముందు కొంచెం ఫ్రీగా నవ్వమ్మా చాముండేశ్వరీ, గ్రాఫుల కన్నా అదే బాగా పనిచేస్తుంది అన్నాడు శుక్రవారం సాయంత్రం, చేతిలో కాఫీ కప్పుతో, పెళ్ళిలో సాంబారు బాగుందని చెప్పినంత తేలిగ్గా, ఇప్పుడు కారు ముందు వెళుతున్న ట్రక్కు మంచు కరిగిన బురదనంతా తెచ్చి అద్దం మీద కొడుతోంది, వైపర్ వేస్తే అది అటూ ఇటూ పులుముకుని ఇంకా అధ్వాన్నమవుతోంది, పోనీ దాటేద్దామంటే ఎడమ లేన్‌లో ఒక ముసలాయన నలభై మైళ్ళ స్పీడులో తీర్థయాత్ర చేస్తున్నాడు, షికాగో శివార్లలో అరోరా నుంచి బయల్దేరి అరగంటైనా ఇంకా టోల్ దాటలేదు, పది గంటలకు షామ్‌బర్గ్‌లో మీటింగు, పక్క సీట్లో బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది ఒక ప్లాస్టిక్ సీసా, అందులో అర లీటరు నీళ్ళు, నల్గొండ జిల్లాలో తన ఊరి బడి దగ్గర బోరు నీళ్ళు, పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు దీన్నెందుకు తీసుకెళుతున్నావే అని తనను తాను ఇప్పటికి మూడుసార్లు అడిగింది, అయినా సీసాకు బెల్టు మాత్రం పెట్టింది.

పళ్ళ సంగతి హైదరాబాదు వచ్చేదాకా ఆమెకు తెలియనే తెలియదు, ఊళ్ళో అందరి పళ్ళూ అంతే, తుప్పు నీళ్ళు కారినట్టు గోధుమరంగు చారలు, పళ్ళంటే అలాగే ఉంటాయనుకుంది, హాస్టల్లో మొదటి రోజు పక్క మంచం అమ్మాయి నువ్వు బ్రష్ చేసుకోవా అని అడిగినప్పుడు నోరు మూసుకుంది, అంతే, మళ్ళీ ఎప్పుడు తెరిచినా చెయ్యి అడ్డం పెట్టుకునే తెరిచింది, ఇక్కడ యూనివర్సిటీ క్లినిక్‌లో నర్సు రోజుకెన్ని సిగరెట్లు తాగుతావని అడిగింది, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఊరి నీళ్ళు మంచివి కాకపోతే నోరేం చేస్తుంది, పోయినేడాది నేపర్‌విల్‌లో డెంటిస్టు పై వరుస ముందు పళ్ళకు పింగాణీ తొడుగులు వేస్తానన్నాడు, అపాయింట్‌మెంటు కూడా తీసుకుంది, ఆ సంగతి పద్మనాభం గారి చెవిన వెయ్యడమే పొరపాటు, ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఇప్పుడే వద్దమ్మా, ఫండింగ్ అయ్యేదాకా ఆగు, నీ స్టోరీ అంతా అందులోనే ఉంది కదా అన్నాడు, ఆగింది, ఒళ్ళు మండేది అందుకే, ఆయన ఆగమన్నందుకు కాదు, తను ఆగినందుకు, తర్వాత నెలలో బ్రోషర్ వచ్చింది, మొదటి పేజీ నిండా ఆమె నోరు, ముక్కు కింద నుంచి గడ్డం దాకా, కళ్ళు లేవు, పేరు లేదు, కింద కంపెనీ పేరు మాత్రం బంగారు అక్షరాల్లో, అది చూసిన రోజు ఆయన కాఫీలో ఏదైనా కలిపేద్దామనిపించింది, లాబ్‌లో అలాంటివాటికి కొదవ లేదు.

అయినా ఫిల్టర్ ఆయనది కాదు, తనది, ఆ మాట ఎవరి ముందూ అనలేదు గాని లోపల రోజుకు పదిసార్లు అనుకుంటుంది, వెంట్రుక మందాన్ని ఐదు వేల వాటాలు వేస్తే అందులో ఒక వాటా అంత సన్నని కార్బన్ గొట్టాలు, నానోట్యూబులు, వాటి మీద అల్యూమినా పూత, నీళ్ళు వాటి సందుల్లోంచి జారుతుంటే పళ్ళ మీద ఆ చారలు తెచ్చే ఫ్లోరైడ్ ఆ పూతకు అతుక్కుపోతుంది, మంచినీళ్ళు కిందికి దిగుతాయి, చెప్పడానికి మూడు ముక్కలు, చెయ్యడానికి మూడేళ్ళు, పూత మందమైతే సందులు మూసుకుపోయేవి, పలచనైతే రాలిపోయేది, ఆ మూడేళ్ళలో పద్మనాభం గారు లాబ్‌లో అడుగుపెట్టింది విజిటర్లు వచ్చినప్పుడే, తెల్లకోటు వేసుకుని మరీ వచ్చేవాడు, చివరికి కుదిరింది, లీటరుకు ఆరు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు పోస్తే కింద అర మిల్లీగ్రాము కూడా మిగల్లేదు, ఒక్క ఫిల్టర్ నాలుగు వందల లీటర్లు లాగింది, ఆ రోజు బాత్రూములో ఎవరూ లేరని చూసుకుని అద్దం ముందు నోరు తెరిచి నవ్వుకుంది, ఆ నీళ్ళు కూడా ఎలాంటివని, డిస్టిల్ చేసిన నీళ్ళు, తూచి కలిపిన ఫ్లోరైడ్ ఉప్పు తప్ప వాటిలో ఇంకో నలుసు లేదు, లాబ్‌లో మొదట నేర్పేదే అది, కుళాయి నీళ్ళు దేనికీ తగలకూడదు, గ్లాసులు కూడా డిస్టిల్డ్ నీళ్ళతోనే కడగాలి, మడి వంటింట్లో కూడా అంత పట్టింపు ఉండదు, ఆ మడిని ఆమె అందరికన్నా గట్టిగా పాటించింది, ఎవరో ఒకసారి కుళాయి కింద బీకరు కడిగితే వారం రోజులు వాళ్ళతో మాట్లాడలేదు.

మూడువందల యాభై ఐదో నంబరు హైవే మీదికి తిరగాలి, ఎవడూ దారివ్వడు, అద్దంలో చూస్తూ కూడా చూడనట్టు నటిస్తారు, సరే, ఇవ్వకపోతే దూరుతుంది, దూరింది, వెనక వాడు హారన్ కొట్టాడు, కొట్టుకో నాయనా, మరి ఈ సీసా ఎందుకు తెప్పించినట్టు, బుద్ధి గడ్డి తిని, ఫండింగ్ ఇచ్చే ఫౌండేషన్ వాళ్ళు పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది, అసలు ఊరి నీళ్ళతో పరీక్షించారా అని, యెస్, సిమ్యులేటెడ్, అంటే లాబ్‌లో అలా కలిపిన నీళ్ళతో, అని రాయమన్నాడు పద్మనాభం గారు, ఆమెకు ఆ రెండో మాట నచ్చలేదు, అబద్ధమని కాదు, తన ఫిల్టర్‌కు ఉత్త యెస్ చాలు, దానికి తోక ఎందుకని పొగరు, పై అంతస్తు అమ్మాయి వాళ్ళ అత్తగారు లీలావతి గారు సూర్యాపేట నుంచి వస్తోందని తెలిసి, అన్న గోపాల్‌కు ఫోన్ చేసి బడి దగ్గర బోరు నీళ్ళు రెండు లీటర్లు పట్టి ఆమెకు అందించమంది, ఎవరు వస్తున్నా వాళ్ళ సూట్‌కేసులో ఒక మూల మనదే కదా, ఆవకాయ కట్టినట్టే కట్టారు, నాలుగు కవర్లు, పైన టేపు, లీలావతి గారు తెచ్చి చేతిలో పెడుతూ అందరు తొక్కు తెమ్మంటరు, గోంగూర తెమ్మంటరు, బోరు నీళ్ళు తెమ్మన్నదాన్ని నిన్నే జూసిన బిడ్డా, ఏర్‌పోర్టుల తెల్లాయన గిదేంది అంటే హోలీ వాటర్ అని చెప్పిన, మంచిగ నవ్వి పంపిండు, ఈ నీళ్ళల్ల పప్పు సుత ఉడకది, వీటినేం జేసుకుంటవ్ అంది, ఇద్దరూ నవ్వారు, తను చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది.

బుధవారం బొటనవేలంత చిన్న ఫిల్టర్ ఒకటి తీసి ఆ నీళ్ళు పోసింది, లెక్క ప్రకారం అంత చిన్నది కూడా ఇరవై లీటర్లు లాగాలి, మొదటి గ్లాసు పర్వాలేదు, రెండో గ్లాసుకే రెండున్నర మిల్లీగ్రాములు, మూడో గ్లాసుకు నాలుగు దాటింది, ఆరు పోస్తే నాలుగు కిందికి వచ్చేదాన్ని ఫిల్టర్ అంటారా, జల్లెడ అంటారు, మీటర్ పాడయిందనుకుంది, మార్చింది, తన చేతుల్ని అనుమానించింది, గురువారం కొత్త ఫిల్టర్‌తో మళ్ళీ చేసింది, అంతే, కారణం కూడా గంటలో దొరికింది, ఆ నీళ్ళ నిండా బైకార్బొనేటు, సున్నం, ఫ్లోరైడ్ కన్నా వంద రెట్లు, బస్సు ఆగగానే వాళ్ళంతా పూత మీదికి ఎక్కి సీట్లన్నీ పట్టేసుకున్నారు, ఫ్లోరైడ్‌కు చోటు లేక కిందికి దిగిపోయింది, అంత చిన్న సంగతి.

శుక్రవారం కాగితాలు పట్టుకుని ఆయన గదికి వెళ్ళింది, ఆయన ఒక్క కాగితమూ తిప్పలేదు, రెండు లీటర్లతో సైన్స్ చేస్తామా అమ్మా, అదీ ఎవరి సూట్‌కేసులోనో పచ్చళ్ళ పక్కన పడుకుని వచ్చిన నీళ్ళు, మీ ఊరి బళ్ళో పెట్టే పైలట్‌లో చూసుకుందాంలే, ముందు వాళ్ళను సైన్ చెయ్యనీ, వాళ్ళు ఫారం చదువుకుని హాయిగా ఉన్నారు, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నాడు, టిష్యూతో వేళ్ళు తుడుచుకుంటూ, అవునూ, నీ గ్రీన్‌కార్డ్ పిటిషన్ నా టేబుల్ మీదే ఉంది, అటార్నీ సోమవారానికి సంతకం కావాలన్నాడు, మీటింగూ సోమవారమే, ఎంత మంచిరోజో చూడు అన్నాడు, బెదిరించలేదు, ఆయన ఎప్పుడూ బెదిరించడు, శుభాకాంక్షలు చెబుతాడు, తర్వాతే ఆ నవ్వమనడం, మీ నల్గొండ వాళ్ళకు ఆవేశం ఎక్కువమ్మా అని భుజం మీద రెండుసార్లు తట్టడం, ఆ భుజం ఇప్పటికీ మండుతోంది, హెచ్‌వన్ వీసాకు ఇది ఆరో ఏడు, ఆఖరి ఏడు, ఆ సంతకం పడకపోతే నవంబరులో సామాను సర్దుకోవాలి, ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని ఆమెకూ తెలుసు, మూడేళ్ళుగా ఈ మనిషి మీద పళ్ళు నూరుకుంటూ బతుకుతోంది, ఆ పాడు పళ్ళే.

నిన్న స్కైప్‌లో అన్న కూతురు దేదీప్య, ఆరేళ్ళది, కెమెరాకు మూతి ఆనించి అత్తా, నా పన్ను ఊశింది జూడు అని చూపించింది, కింది చిగురులో కొత్తది తొంగిచూస్తోంది, అది ఏ రంగో ఆ మసక బొమ్మలో తెలియలేదు, ఎంత దగ్గరగా వంగి చూసినా తెలియలేదు, వెనక నుంచి అన్న, మీ ఫిల్టర్ జూన్‌ల బళ్ళె పెడ్తరంట గద, సర్పంచి డప్పు కొట్టిస్తనంటుండు, ఇగ కృష్ణ నీళ్ళ ట్యాంకర్ బంద్ జేస్తరంట, ఫిల్టర్ వస్తుంటే ట్యాంకర్ ఎందుకని మండలం నుంచి సార్లొచ్చి రాసుకపోయిన్రు అన్నాడు, ఎంత సంతోషంగా అన్నాడని, రోజు విడిచి రోజు వచ్చే ఆ ట్యాంకర్ నీళ్ళే బడి పిల్లలు తాగేది, వాటి పుణ్యానే దేదీప్య పళ్ళ మీద ఆశ, దాని మోకాళ్ళ మీద ఆశ, ఆ బోరు నీళ్ళే తాగి నాయనమ్మ నలభై ఐదేళ్ళకే నడుం వంగిపోయి నేలను చూస్తూ నడిచింది, ఇప్పుడు తన ఫిల్టర్ వెళ్ళి ఆ ట్యాంకర్‌ను ఆపుతుంది, నాలుగు రోజులు పనిచేసి ఐదో రోజు నుంచి ఆ బోరు నీళ్ళనే స్టీలు కుళాయిలోంచి తళతళ మెరిసేలా పోస్తుంది, అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు, అన్నా, అది పనిచెయ్యది అనాల్సింది, మంచిదన్నా అంది, దొంగమొహంది, అని కాల్ కట్ చేసింది, దేదీప్య ఇంకా నోరు తెరిచే ఉంది.

పార్కింగులో కారు ఆపి అద్దంలో చూసుకుంటూ మాటలు మళ్ళీ వల్లె వేసుకుంది, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, ఈయన మిమ్మల్ని మోసం చేస్తున్నాడు, ఈయనకు శుక్రవారమే తెలుసు, ఈయన కాగితాలు చూడనన్నాడు, ఈయన నా పిటిషన్ అడ్డం పెట్టుకున్నాడు, నాలుగూ ఆయనతోనే మొదలవుతాయి, కత్తి నూరినట్టు ఉన్నాయి, బాగున్నాయి, సీసాను సంచీలో పెట్టుకుని లోపలికి నడిచింది, గదిలో ఫౌండేషన్ వాళ్ళు ముగ్గురు, వాళ్ళ పెద్ద కాథరిన్, నెరసిన జుట్టు, మోకాళ్ళ మీద నోట్‌బుక్, టేబుల్ మీద బొటనవేలంత డెమో ఫిల్టర్, పక్కన మీటర్, పద్మనాభం గారు డిస్టిల్డ్ నీళ్ళలో ఫ్లోరైడ్ కలిపినవి పోసి, మీటర్ సున్నా పాయింట్ మూడు చూపించాక ఆ గ్లాసెత్తి గటగటా తాగేశాడు, చప్పట్లు, తీర్థం పుచ్చుకున్నట్టు కళ్ళు కూడా మూసుకున్నాడు, ఎంత నటన, తర్వాత చెయ్యి చాచి ఇదిగో, ఈ అమ్మాయి ఆ నీళ్ళు తాగే పెరిగింది, షీ ఈజ్ అవర్ కాన్షెన్స్ అన్నాడు, అని ఆమె వైపు తిరిగి, వాళ్ళకు కనిపించకుండా, చూపుడు వేలితో తన పెదవి చివర కొంచెం పైకి లాగి చూపించాడు, నవ్వు.

నవ్వలేదు, సీసా తీసింది, ఇవి మా ఊరి నీళ్ళు, బడి బోరువి అంది, కాథరిన్ ముఖం వెలిగిపోయింది, ఓ, వండర్‌ఫుల్ అని ముందుకు వంగింది, పద్మనాభం గారి ముఖంలో రంగు మారింది గాని నవ్వు అలాగే ఉంది, ఆమె ఒక గ్లాసుకు సరిపడా పోసింది, చుక్క చుక్కగా దిగుతోంది, మీటర్‌లో అంకె ఊగి ఊగి సున్నా పాయింట్ ఎనిమిది దగ్గర ఆగింది, మంచిదే, తాగవచ్చు, కాథరిన్ ఏదో రాసుకుంది, పద్మనాభం గారు గట్టిగా ఊపిరి వదిలి, చూశారుగా అని వాళ్ళతో ఇంగ్లీషులో అని, గొంతు తగ్గించి తెలుగులో ఇంక చాలమ్మా, కూర్చో అన్నాడు, ఆ అమ్మా మెత్తగా వచ్చింది, కూర్చోవచ్చు, నిజానికి కూర్చోవచ్చు, అబద్ధం కూడా చెప్పలేదు, అంకె అబద్ధం కాదు, సంతకం ఈ సాయంత్రమే పడుతుంది, తొడుగులు వేయించుకోవచ్చు, సీసాలో ఇంకో గ్లాసు నీళ్ళున్నాయి, అంతే, వాటిని సింకులో పారబోస్తే ఎవరు చూస్తారు, ఏ రంగో తెలియని ఆ కొత్త పన్ను తప్ప.

మిగిలిన నీళ్ళూ పోసింది, ఈసారి అంకె ఊగలేదు, ఎక్కుతూ పోయింది, ఒకటిన్నర దాటింది, అక్కడే ప్రమాద రేఖ, రెండు దాటింది, రెండు పాయింట్ ఏడు దగ్గర నిలబడింది, కాథరిన్ పెన్ను ఆగింది, పద్మనాభం గారు లేచి వచ్చి సీసా అందుకుని వెలుగుకు పట్టి, ఏం కలిపావు ఇందులో అన్నాడు, ఏమీ కలపలేదండీ, బోరు నీళ్ళు అంది, మరి ఇలా ఎందుకొచ్చింది, ఫ్లోరైడ్ ఎక్కడైనా ఫ్లోరైడే కదా, నీళ్ళల్లో నీళ్ళకు తేడా ఏముంటుంది అన్నాడు, కత్తి దూయడానికి సిద్ధంగా ఉంది, ఈయన మిమ్మల్ని అని మొదటి వాక్యం నాలుక చివర ఉంది, ఆయన ముఖంలోకి చూసింది, నటన కోసం వెతికింది, దొరకలేదు, ఆ మనిషి నిజంగానే అడుగుతున్నాడు, కృష్ణ కాలువ పక్కన పుట్టిన మనిషి, ఏ కుండలో నీళ్ళు ముంచినా పప్పు ఉడికే ఇంట్లో పెరిగిన మనిషి, పప్పు, లీలావతి గారు ఏమంది, ఈ నీళ్ళల్ల పప్పు సుత ఉడకది, నవ్వి ఊరుకుంది తను, అమ్మ రోజూ పొద్దున్నే చిన్న బిందె చంకకెత్తి పొలం దగ్గర బావికి పంపేది, పప్పు నీళ్ళు తేపో బిడ్డా, బోరు నీళ్ళల్ల పప్పు రాళ్ళ లెక్క ఉంటది అని, ఆరేళ్ళప్పటి నుంచి పదహారేళ్ళ దాకా తెచ్చింది, నడుం మీద బిందె ఒరుసుకున్న మచ్చ ఇప్పటికీ ఉంది, అమెరికా వచ్చిన మొదటి వారం కుళాయి నీళ్ళలో కందిపప్పు మూడు విజిల్స్‌కే వెన్నలా అయితే కుక్కర్ ముందు నిలబడి ఆశ్చర్యపోయింది కూడా, పప్పును ఉడకనివ్వని ఆ సున్నమే ఫిల్టర్‌లో సీట్లు పట్టేసింది, తెలుసు, నీళ్ళల్లో నీళ్ళకు తేడా ఉంటుందని ఈ కంపెనీ మొత్తంలో తెలిసిన మనిషి తనొక్కతే, తెలిసి మూడేళ్ళు డిస్టిల్డ్ నీళ్ళు పోసింది, ఆ నీళ్ళు వాడమని పద్మనాభం గారు చెప్పలేదు, ఆయనకు అంత తెలివి ఉంటే కదా, గ్రాఫ్ అందంగా వస్తోందని తనే పోసింది, ఆయన చేసిన పాపం శుక్రవారానిది, తనది మూడేళ్ళది, వల్లె వేసుకున్న నాలుగు వాక్యాలూ ఎక్కడికి పోయాయో పోయాయి, ఇంగ్లీషులో ఐ, నేను, అని మొదలుపెట్టింది, ప్రయోగం నేను చేశాను, తప్పు నీళ్ళతో చేశాను, ఇది మా ఊళ్ళో నాలుగు రోజులు కూడా పనిచెయ్యదు, దీన్ని నమ్ముకుని ఆ ట్యాంకర్ ఆపేస్తున్నారు, ముందు ఆపొద్దని మండలం వాళ్ళకు ఈ రోజే రాయండి, రాశాక నన్ను ఏమైనా అడగండి అంది, కాథరిన్ ఆమె కళ్ళలోకే చూస్తోంది, పద్మనాభం గారు సీసా మూత వెతుక్కుంటున్నాడు, రెండు చేతుల్లో రెండు గ్లాసులు పట్టుకుని ఉంది తను, నోటికి అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఊళ్ళో ఏ ఆడమనిషిని అడిగినా ఈ నీళ్ళు వేరని పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే చెప్పేది, మూడేళ్ళలో ఒక్కసారీ అడగలేదు, అడగడానికి ఊరిదాకా వెళ్ళనక్కర్లేదు, ఆ బిందె మోసిన మనిషి ఇక్కడే ఉంది.